ఘన వ్యర్థాల నిర్వహణ: పర్యావరణ పనితీరును కొలిచే విధానం

పట్టణాలలో ఘన వ్యర్థాల నిర్వహణను సాధారణంగా రోజుకు ఎన్ని టన్నుల చెత్త సేకరించారు, ఎన్ని ఇళ్లకు బండి వెళ్లింది అనే లెక్కలతో అంచనా వేస్తారు. ఇవి సేవ ఎంత మందికి అందిందో తెలుపుతాయే తప్ప, నేలకు, నీటికి, గాలికి జరిగే హాని తగ్గిందో లేదో తెలుపవు. తడి చెత్తతో తయారైన కంపోస్టు చివరకు చేరేది రైతు పొలానికే కనుక ఈ కొలత వ్యవసాయ శాస్త్రానికి కూడా సంబంధించినదే. ఇందుకు మూడు కొలమానాలు ఉపయోగపడతాయి.

1. నికర మళ్లింపు శాతం

డంపింగ్ యార్డుకు చేరకుండా ఆపగలిగిన చెత్త వాటాను మళ్లింపు శాతం అంటారు. ఉదాహరణకు, ఒక పట్టణంలో రోజుకు 10 టన్నుల చెత్త వస్తుందనుకుందాం. అందులో 6 టన్నులు కంపోస్టు కేంద్రానికి, 1 టన్ను పునర్వినియోగానికి, 3 టన్నులు యార్డుకు వెళ్తే మళ్లింపు 70 శాతంగా కనిపిస్తుంది. అయితే కంపోస్టు కేంద్రంలో జల్లెడ పట్టగా మిగిలిన 2 టన్నుల ప్లాస్టిక్, గుడ్డలు, గాజు తిరిగి యార్డుకే చేరితే నికర మళ్లింపు 50 శాతం మాత్రమే. కావున కేంద్రంలోకి వచ్చిన బరువుతో పాటు బయటకు పోయిన బరువును కూడా తూచాలి.

2. హరితగృహ వాయువుల తగ్గుదల

లోతైన చెత్త కుప్పలో గాలి అందక ఆహార వ్యర్థాలు కుళ్లి మీథేన్ వెలువడుతుంది. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం సూచించిన ప్రామాణిక విలువల ప్రకారం ఆహార వ్యర్థాలలో కుళ్లగల కర్బనం 15 శాతం. అందులో సగం కుళ్లుతుంది; వెలువడే వాయువులో సగం మీథేన్. నిర్వహణ లేని, 5 మీటర్లకు పైబడిన కుప్పకు గుణకం 0.8. దీని ప్రకారం ఒక టన్నుకు:

1000 × 0.15 × 0.5 × 0.5 × 16/12 × 0.8 = 40 కిలోల మీథేన్

ఇది అనేక సంవత్సరాలలో వెలువడే మొత్తం. నూరేళ్ల కాలానికి మీథేన్ తాపన శక్తిని 28గా తీసుకుంటే ఇది 1120 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. అదే టన్నును కంపోస్టు చేస్తే సుమారు 4 కిలోల మీథేన్, 0.24 కిలోల నైట్రస్ ఆక్సైడ్, అనగా దాదాపు 176 కిలోలకు సమానమైన వాయువులు వెలువడతాయి. రవాణాకు, యంత్రాలకు వాడిన ఇంధనాన్ని ఇంకా తీసివేయవలసి ఉంటుంది. కుప్పలను సకాలంలో తిరగవేయకపోతే ఈ లెక్క వర్తించదు.

3. కంపోస్టు నాణ్యత

మొదటి రెండు కొలమానాలలో మంచి ఫలితం వచ్చినా, కంపోస్టులో భార లోహాలు ఉంటే కాలుష్యం యార్డు నుండి పొలానికి మారినట్లే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం పట్టణ కంపోస్టులో సేంద్రియ కర్బనం కనీసం 12 శాతం, నత్రజని 0.8 శాతం ఉండాలి. కర్బన నత్రజని నిష్పత్తి 20 లోపు ఉండాలి. కిలోకు సీసం 100, కాడ్మియం 5, నికెల్ 50 మిల్లీగ్రాములు మించరాదు.

హెక్టారుకు ఏటా 5 టన్నుల కంపోస్టును పొడి బరువులో వేస్తే, సీసం గరిష్ఠ పరిమితిలోనే ఉన్నా ఏడాదికి 500 గ్రాములు నేలకు చేరుతుంది. పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 22 లక్షల కిలోలు కనుక పెరుగుదల కిలోకు సుమారు 0.23 మిల్లీగ్రాములే. కానీ కంపోస్టులో సీసం 400 మిల్లీగ్రాములు ఉంటే పదేళ్లలో కిలో మట్టికి సుమారు 9 మిల్లీగ్రాములు పెరుగుతుంది. సేంద్రియ పదార్థం వలె సీసం కుళ్లి పోదు. నేలలోనే నిలిచి ఉంటుంది.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

పట్టణ కంపోస్టును సిఫారసు చేసే ముందు ప్రతి విడతకు ప్రయోగశాల నివేదికను కోరాలి. వాడకానికి ముందే పొలం మట్టి నమూనాను పరీక్షించి, ఆ విలువలను భద్రపరచాలి. అవి లేకుంటే తరువాతి మార్పును నిర్ధారించడం సాధ్యం కాదు. కంపోస్టు పక్వతను విత్తనాల మొలక పరీక్షతో స్థానికంగానే తెలుసుకోవచ్చు, కానీ భార లోహాలకు ప్రయోగశాల విశ్లేషణ తప్పనిసరి.

ఈ మూడు కొలమానాలకూ మూలం ఇంటి వద్ద చెత్తను వేరు చేయడమే. ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2016 తడి, పొడి, గృహ ప్రమాదకర వ్యర్థాలను విడివిడిగా ఇవ్వాలని నిర్దేశించాయి. బ్యాటరీలు, రంగుల డబ్బాలు, ట్యూబులైట్లు తడి చెత్తలో కలిసిన తరువాత వాటి నుండి చేరిన లోహాలను ఏ జల్లెడా తొలగించలేదు.