మా తాతగారి జేజి పేరు

పాఠ్యభాగము: ఎజ్రా 2:59–63, రూతు 1:6, 2 తిమోతి 1:5



బబులోను చెరనుండి తిరిగి వచ్చినవారి పట్టీ ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో నున్నది. బోధకులమైన మేము సాధారణముగా ఆ అధ్యాయమును దాటిపోవుదుము. పేర్లును లెక్కలును తప్ప అందులో సంఘమునకు చెప్పదగినదేమున్నదని మా తలంపు. నేనును అనేక సంవత్సరములు ఆలాగే దాటిపోతిని. గత వేసవిలో మాత్రము ఆ అధ్యాయమునొద్ద ఆగవలసి వచ్చినది.

కారణము చెప్పెదను. ఒక పెండ్లి విందులో మా దూరపు బంధువొకరు నవ్వుచు, “మీ పెద్దలు గంజికి కలిసినవాళ్లే గదా” అనిరి. పెద్దలు నవ్వి ఊరకుండిరి. పదవ తరగతి చదువుచున్న నా కుమారుడు ఇంటికి వచ్చిన తరువాత, “నాన్నా, అది నిజమా?” అని అడిగెను. మా వంశములో మొదట ప్రభువును నమ్మినది మా తాతగారి జేజి అని నేను చెప్పితిని. “ఆమె పేరేమి?” అనెను. నాకు తెలియదు. అబ్రాహాము మొదలుకొని క్రీస్తువరకు వంశావళి అప్పగించగలను గాని, నా యింటిలో మొట్టమొదట మోకాళ్లూనిన స్త్రీ పేరు చెప్పలేకపోతిని. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మరునాడు మా పాత ట్రంకుపెట్టె తీసితిని. అందులో మా తాతగారి నాయన వాడిన బైబిలున్నది. దాని మొదటి ఖాళీ పుటమీద ఆయన స్వహస్తముతో, తాను ధాత సంవత్సరము కార్తీకమాసములో పుట్టినట్లును, తన తల్లిదండ్రులు బహుధాన్య సంవత్సరములో గుండ్లకమ్మ యేటిలో బాప్తిస్మము పొందినట్లును వ్రాసియుంచిరి. తండ్రి పేరు వ్రాసిరి. తల్లిని గూర్చి “మా అమ్మ” అని మాత్రమే వ్రాసిరి.

మన పెద్దలు ఇంగ్లీషు సంవత్సరములు వ్రాయలేదని విసుగుకొనకూడదు. అరువది సంవత్సరముల పేర్లు వరుసగా తెలిసినవారికి లెక్క సులభమే. అయితే ఒక పేరు అరువదేండ్లకు మరల వచ్చును గనుక పొరబడకూడదు. ధాత అనునది 1876–77లో వచ్చినది, మరల 1936–37లో వచ్చినది. ఇక్కడ మొదటిదే సరిపోవును. అది మన ప్రాంతమువారు నేటికిని “ధాత కరువు” అని చెప్పుకొను మహాక్షామపు సంవత్సరము. 1876లో వానలు లేకపోయెను. 1878 వరకు మద్రాసు రాజధానిలోని జిల్లాలు అల్లాడిపోయెను. మా తాతగారి నాయన ఆ కరువు మొదలైన నెలలలో పుట్టినవాడు. బాలింతరాలైన ఆ తల్లి ఏమి తిన్నదో!

బహుధాన్య సంవత్సరము 1878 ఉగాదికి ఆరంభమైనది. ఇక్కడనే నా కుమారుని ప్రశ్నకు జవాబు దొరకుచున్నది గనుక నెమ్మదిగా చదువుడి. కరువుకాలములో ఒంగోలు మిషనెరీ డాక్టరు జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు తీసికొని, వేలమందికి పని కల్పించిరి. అక్కడ గంజి పోయలేదు, మన్ను త్రవ్వినవారికి కూలి ఇచ్చిరి. బోధకులు ఆ జనులమధ్య ఉండి, పని ఆగినప్పుడు సువార్త చెప్పుచుండిరి. అనేకులు బాప్తిస్మమడిగిరి. దొరగారు ఇయ్యలేదు. తిండికొరకు వచ్చినవారెవరో, ప్రభువుకొరకు వచ్చినవారెవరో తెలియదని ఒక సంవత్సరమునకు మించి బాప్తిస్మములు ఆపివేసిరి. 1878 జూను నెలలోనే మరల ఆరంభించిరి. ఆ జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో దిగి ఆ పని జరిగించిరి.

ఈ మాట నా కుమారునికి చెప్పగా వాని ముఖము వెలిగెను. అయితే నేనంతటితో ఆపలేదు. ఆ తల్లికి ఆకలి లేదని నేను చెప్పను. ఆకలియు ఉండెను, విశ్వాసమును ఉండెను. నయోమి మోయాబు దేశమునుండి ఎందుకు లేచినది? యెహోవా తన జనులకు ఆహారమిచ్చెనని విని లేచినది. ఆమెతోకూడ వచ్చిన రూతును రొట్టెకొరకు వచ్చినదానవని ఎవరును ఎగతాళి చేయలేదే! పెండ్లి విందులో రెండు మారులు వడ్డించుకొని తినుచు ఆ మాట అనిన మా బంధువునకు కూడ ఈ వచనమే చూపవలెనని యున్నది.

తరువాత మాతృసంఘమునకు పోయి పాత సభ్యుల పుస్తకము చూపుమని వేడుకొంటిని. కాగితములు ముట్టుకొంటే పొడియగుచున్నవి. రెండు దినములు వెదకగా 1878 జూలై క్రింద మా పెద్దాయన పేరు, ఊరు పేరు దొరికినవి. కన్నులు చెమర్చినవి. దాని ప్రక్కనే ఒక మాట: “భార్య.” అంతే. ఆ పుటలో అట్టి భార్యలను లెక్కపెట్టితిని, పదునెనమండుగురు. అందరును నీటిలో దిగినవారే, ఒక్కతెకును పేరు లేదు.

పెండ్లి రిజిష్టరులలో వెదకుదమనుకొంటిని. 1872 సంవత్సరపు క్రైస్తవ వివాహ చట్టము ప్రకారమైన రిజిష్టరులో వధూవరుల తండ్రుల పేర్లకు గడి యున్నది గాని తల్లుల పేర్లకు గడి లేదు. కుమారుని పెండ్లి దొరికినను తల్లి దొరకదు.

మా మేనత్తకు ఎనుబదియేండ్లు దాటినవి. ఆమె యొద్దకు పోయి, “అత్తా, తాత వాళ్ల జేజి పేరేంటో ఎప్పుడైనా చెప్పాడా?” అని అడిగితిని.

“పేరెవరికి తెలుసయ్యా! నాయన కూడా జేజి అనేవోడు. ఊరంతా జేజి అనేది,” అనెను. మరి కొంతసేపటికి తానే మొదలుపెట్టెను. “ఏట్లో దిగినప్పుడు బిడ్డ గట్టుమీద ఒకటే ఏడుపంట. తడిగుడ్డలతోనే వచ్చి ఎత్తుకుందంట. ఆ చలికి బిడ్డ ఇంకా ఏడ్చాడంట.” అట్లని అత్త నవ్వెను. ఏడాదిన్నర దాటిన ఆ బిడ్డయే బైబిలులో వ్రాసియుంచిన మా తాతగారి నాయన. బైబిలు వ్రాతయు అత్త మాటయు ఒకదానితో ఒకటి సరిపోయినవి.

చివరకు ట్రంకుపెట్టె అడుగున ఒక స్టాంపు కాగితము బయటపడెను. విక్టోరియా రాణి ముద్ర గలది గనుక 1901కి పూర్వపుది. మేమిప్పుడు కాపురమున్న యింటిస్థలము ముప్పది రూపాయలకు కొనిన క్రయపత్రము. కొనినది మైనరు కుమారుని తరపున గార్డియనైన తల్లి. ఆ కుమారుడు 1876లో పుట్టినవాడు, పదునెనిమిదేండ్లు నిండనివాడు గనుక, అది 1894 దాటదు. అప్పటికే ఆమె విధవరాలు. భర్త యున్నంతకాలము ఏ పుస్తకములోను పేరులేని స్త్రీకి, భర్త పోయిన తరువాత కాగితముమీద పేరు వ్రాయవలసి వచ్చినది!

ఆ పేరును చెదలు తినివేసినవి. “మ్మ” అను అక్షరమొక్కటే మిగిలినది. దాని ప్రక్క “నిశాని” అను మాటయు, అడ్డముగా నిలువుగా రెండు గీతలును ఉన్నవి. ఇది సిలువ గురుతని ఎవరైన ప్రసంగము చేయవచ్చును. నేను చేయను. ఆ దినములలో చదువురాని వారనేకులు, ఏ మతస్థులైనను, ఆలాగుననే గీసిరి. సబ్‌రిజిస్ట్రారు కచేరిలో నకలుండునేమోనని కొందరు సలహా ఇచ్చిరి. నూరు రూపాయలకు తక్కువ విలువగల క్రయములు రిజిష్టరు చేయించుట ఆనాడు విధి కాదు. ఇది చేయించలేదు.

ముప్పది రూపాయలు ఆమెకెక్కడివని అత్తనడిగితిని. కోతలకు పోయి తెచ్చిన కూలిగింజలలోనుండి దినదినము పిడికెడు దేవునికని ఒక కుండలోను, పిడికెడు స్థలముకొరకని మరియొక కుండలోను వేసెనట. ఎన్నేండ్లు వేసెనో అత్తకు తెలియదు. రెండవ కుండ నిండకముందు మొదటి కుండలో చెయ్యి పెట్టలేదని మాత్రము మా తాతగారు చెప్పుచుండెడివారట.

ఇప్పుడు ఎజ్రా రెండవ అధ్యాయమునకు రండి. తమ వంశావళి వెదకి కనుగొననివారు అక్కడ కొందరున్నారు. యాజకులైనవారిని ఆ పనినుండి ప్రక్కకు ఉంచిరి గాని, జనులలోనుండి వెళ్లగొట్టలేదు. వారును యెరూషలేమునకు చేరిరి. వారిలో ఒక కుటుంబమును చూడుడి. బర్జిల్లయి కుమార్తెను పెండ్లాడి మామగారి పేరు పెట్టుకొనినవాని సంతతివారు. భార్య తరపు పేరే ఆ యింటికి నిలిచినది, అయినను ఆ భార్య పేరు వ్రాయబడలేదు. మత్తయి సైతము బత్షెబ పేరు చెప్పక ఊరియా భార్య అనియే సూచించెను. పౌలు అట్లు చేయలేదు. తిమోతి విశ్వాసమును తలంచుకొనినప్పుడు అవ్వయైన లోయిని, తల్లియైన యునీకేను పేరుపెట్టి వ్రాసెను. అతని తండ్రి పేరు మనకు తెలియదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, ఆనాటి గుమాస్తాను నిందించుకొనుచు, నేను వ్రాయుచున్న మన సంఘపు సమాధి పుస్తకమును తెరచితిని. “ఫలాన వారి భార్య”, “ఫలాన వారి తల్లి” అని పదకొండు చోట్ల నా చేతివ్రాతయే కనబడెను. వారిలో తొమ్మండుగురి పేర్లు వారి పిల్లలనడిగి వ్రాసితిని. ఇద్దరివి ఇంకను దొరకలేదు. తెలిసినవారు నాకు కబురు పంపుడి.

మీ యిండ్లలో పాత బైబిళ్లు, పెండ్లి సర్టిఫికేట్లు, స్టాంపు కాగితములు ఉన్నయెడల చెదలకు అందకుండ భద్రపరచుడి. పాత సంవత్సరముల పేర్లు అర్థముకానియెడల నాయొద్దకు తెండి, కలిసి లెక్కవేయుదము.

ఇప్పుడు ఆదివారపు ఆరాధన తరువాత సభ్యుల పుస్తకము పట్టుకొని ఇంటింటికి పోవుచున్నాను. పోయిన వారము ఒక ముసలమ్మను పేరు అడుగగా, పెద్దకొడుకు పేరు చెప్పి వాడి తల్లినని వ్రాసుకొమ్మనెను. “అది కాదమ్మా, నీ పేరు,” అంటిని. ఆమె కొంగు సరిచేసికొని, “ఏ పేరయ్యా? అత్తగారింటికొచ్చాక పిలిచిందా, మా నాయన పెట్టిందా?” అనెను. రెండును చెప్పుమంటిని. రెండును వ్రాసితిని.