ఎంఆర్‌ఐ మెషిన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ ఎందుకు వేయరు?

2017 మే 12న వన్నాక్రై రాన్సమ్‌వేర్ దెబ్బకి బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్ హాస్పిటల్స్‌లో ఆపరేషన్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని లాక్ అయ్యాయి. ఎవరూ లింక్ క్లిక్ చేయక్కర్లేదు, విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం పట్టుకుని పక్క పీసీకి అదే పాకింది. ప్యాచ్ మార్చి 14నే వచ్చేసింది మరి!

ఫోన్ అయితే అప్‌డేట్ నొక్కేస్తాం. స్కానర్‌ని నడిపే కంప్యూటర్‌కి ముందు తయారీ కంపెనీ ఓకే చెప్పాలి, కాబట్టి హాస్పిటల్ ఐటీ టీమ్‌ని తిట్టి లాభం లేదు. అప్పటిదాకా దాన్ని వేరే నెట్‌వర్క్‌లో ఉంచడమే దారి. హైటెక్ సిటీ ఆఫీసుల్లో గెస్ట్ వైఫై నుంచి కంపెనీ సర్వర్ ఓపెన్ కాదు కదా, అలాగన్నమాట.

2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్‌పై దాడికి ఈ విభజన సరిగ్గా లేకపోవడమే కారణమని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. దాదాపు 1.3 టీబీ డేటా ఎన్‌క్రిప్ట్ అయింది. రోజుల తరబడి ఓపీ పనులు కాగితం మీదే నడిచాయి.