మూడవ తీగ

నిజామాబాదు జిల్లా పసుపు పంటకు ప్రసిద్ధి చెందినది. ఇక్కడి నవీపేట్ పరిసరాలలో పసుపు కొమ్ములను ఉడికించి, కళ్లంలో ఎండబెట్టి, డ్రమ్ములో పాలిషు పడతారు. ఆ డ్రమ్మును విద్యుత్ మోటారు తిప్పే చోట, కళ్లం దాకా ఎక్స్‌టెన్షన్ వైరు లాగవలసి వస్తుంది. ఆ వైరు ఎంపికపైనే పనివారి ప్రాణరక్షణ ఆధారపడి ఉన్నది.

మొదట మందం చూడాలి. ఒక హార్స్‌పవర్ మోటారు 230 వోల్టుల వద్ద సుమారు 5, 6 ఆంపియర్ల విద్యుత్తును గ్రహిస్తుంది. తిరగడం ఆరంభించే క్షణంలో అంతకు కొన్ని రెట్లు. సన్నని వైరు ఆ భారానికి వేడెక్కి, దాని తొడుగు కరుగుతుంది. దూరం పెరిగిన కొద్దీ మందమూ పెరగాలి. చుట్టను పూర్తిగా విప్పాలి. లేనిచో వేడి లోపలే నిలిచిపోతుంది.

రెండు తీగలతోనే మోటారు తిరుగుతున్నది గదా అని కొందరు మూడవ తీగను, అనగా ఎర్తును, వదిలివేస్తారు. అది ప్రతిదినం ఊరక ఉండి, ఆపద వచ్చిన నాడే పనిచేస్తుంది. మోటారు పైభాగానికి విద్యుత్తు సోకినపుడు దానిని భూమికి చేర్చి, ఫ్యూజు తెగేటట్లు చేసేది అదే. అయితే నేల పొడిగా ఉన్నచోట ఫ్యూజు తెగకపోవచ్చు. అందువలన 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు లీకైనా సరఫరాను ఆపివేసే ఆర్.సి.సి.బి.ని కూడా అమర్చుకోవాలి.

వైరు అతుకులను తడినేలపై ఉంచరాదు. షాక్ తగిలిన వ్యక్తిని చేతితో లాగరాదు. ముందుగా మెయిన్ స్విచ్ ఆపాలి. తొందరపడి తాకినవారు రెండవ బాధితులవుతారు.

ప్రశ్నలు
1. ఎర్తు తీగ ప్రయోజనమేమి?
2. వైరు చుట్టను పూర్తిగా ఎందుకు విప్పాలి?