మానవ గోపురములు: క్షేమనియమములను చదువవలసిన విధము

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములవారికి ఎత్తునకెక్కు వినోదము క్రొత్తది కాదు. తిరుమలలో గోకులాష్టమి మరునాడు ఉట్లోత్సవము జరుగును. పల్లెలలో యువకులు జారెడు ఉట్లమాను నెక్కుటకు పోటీపడుదురు. పాఠశాలలలో స్వాతంత్ర్య దినోత్సవమునాడు బాలబాలికలు ఒకరి భుజములపై నొకరు నిలిచి గోపురము కట్టుదురు. ఇట్టి విద్యయే అన్యదేశములలో చీర్‌లీడింగ్ అను పోటీక్రీడలో భాగమై యున్నది. 1898వ సంవత్సరమున అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆటగాండ్రను ఉత్సాహపరచు కేకలతో అది మొదలైనది. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఆ క్రీడాసమాజమునకు పూర్తి గుర్తింపు నొసగెను.

ఆ పోటీలలో నేర్చువారిని తరగతులుగా విభజించి, ప్రతి తరగతికిని క్షేమనియమములు వ్రాసియున్నారు. ప్రథమ తరగతి నియమములు మన గోపురములకును పనికివచ్చును గనుక వానిని ఇచ్చట విమర్శింతుము. ఎక్కువానిని పైవాడనియు, మోయువారిని ఆధారములనియు, చెంత నిలిచి కాచువానిని కాపరియనియు పిలుతము.

సామాన్యముగా ఆ నియమములు ఇవి. పైవాడు రెండు కాళ్లపై నిలిచినప్పుడు వాని పాదములు ఆధారముల భుజముల యెత్తును మించరాదు. ఒంటికాలిపై నిలిచినచో నడుము ఎత్తును దాటరాదు. వానిని ఎగురవేసి పట్టుకొనరాదు. పైన తలక్రిందుగా నిలుపరాదు. భుజముల యెత్తున నిలుచునపుడు కాపరి ఉండితీరవలెను.

ఒంటికాలికి ఎత్తు ఏల తగ్గించిరి? రెండు పాదములకును ఊత యున్నప్పుడు పైవాడు ఒకప్రక్కకు ఒరిగినను రెండవ కాలిపై బరువు మోపి నిలద్రొక్కుకొనవచ్చును. ఒంటికాలివానికి ఆ వీలు లేదు.

నియమము చదువుట వేరు, దాని భావ మెరుగుట వేరు. తెలివిగల విద్యార్థి యొకడు ఇట్లడుగవచ్చును: "ఆధారములు మోకాళ్లపై కూర్చుండి చేతులు పైకి చాచి యెత్తినచో, నేలనుండి కొలిచిన యెత్తు పెరుగదు గదా. అది సమ్మతమేనా?" సమ్మతము కాదు. మోయువారు క్రుంగి చేతులు పూర్తిగా చాచినను దానిని చేతులు చాచి యెత్తిన స్టంటుగానే లెక్కింతురు. ఏలయనగా, చాచిన చేతులలోని బరువు తూలినప్పుడు దానిని అదుపులో దించుట కష్టము. మోకాళ్లపై నున్నవాడు అడుగు వేసి సర్దుకొననుకూడ లేడు. ఇచ్చట కొలువవలసినది అంగుళములు మాత్రమే కాదు, మోయువాని అదుపు.

"కాపరి క్రింద దూరి రెండు చేతులతో పాదము నెత్తి సాయపడరాదా?" అని మరియొక ప్రశ్న. అట్లు చేసినవాడు కాపరి కాడు, మరియొక ఆధారమగును. కాపరి ప్రక్కనో వెనుకనో నిలువవలెను. వాని చూపు పైవానిపైననే యుండవలెను. వాని చేతులు పైవాని తలను, మెడను, భుజములను కాపాడుటకు సిద్ధముగా నుండవలెను. ఐదడుగుల యెత్తునుండి పడు వస్తువు అర సెకండుకంటె కొంచె మెక్కువ కాలములో నేలను తాకును. ప్రేక్షకులవైపు చూచుచున్న కాపరి తల త్రిప్పులోపల ఆ కాలము గడచిపోవును. పరుపు పరచినను కాపరి యక్కర తీరదు. పరుపు దెబ్బను మెత్తబరచునే గాని మెడను పట్టుకొనజాలదు.

మహారాష్ట్రమున ఉట్టికొట్టు గోపురములనుగూర్చి 2014లో బొంబాయి హైకోర్టు 20 అడుగుల యెత్తును, 18 ఏండ్ల వయస్సును హద్దుగా విధించెను. 2016లో సుప్రీంకోర్టు ఆ హద్దులను సడలించుటకు నిరాకరించెను. 2017లో హైకోర్టు ఎత్తునకు హద్దు విధింపక, 14 ఏండ్లకు లోబడినవారిని చేర్చమని ప్రభుత్వము చెప్పిన మాటను గైకొనెను. శాసనములో అంకె మారవచ్చును. ఎత్తు రెట్టింపైనచో పడువానికి తగులు దెబ్బ శక్తియు రెట్టింపగుననుట మారదు.

కావున బాలబాలికలారా, గోపురము కట్టుటకు ముందు మూడు సంగతులు నిశ్చయించుకొనుడు: ఎవరు దించెదరు, ఎవరు కాచెదరు, ఎవరి మాటపై దిగవలెను. పైవాడు "దించుడు" అన్నచో కారణ మడుగక వెంటనే దించవలెను. భయపడినవానిని పరిహసించి యెక్కించుట క్రీడ కాదు. తలిదండ్రులును ఈ మూడు సంగతులను నేర్పువారి నడుగవచ్చును. సరియైన యుత్తరము వచ్చువరకు పిల్లలు నేలపైననే వ్యాయామము చేయుట మేలు.