ఇంటికి వచ్చే చదువు

బడికి పోలేని పిల్లలు కొందరుంటారు. కొందరు లేచి కూర్చోలేరు. కొందరికి చేతులూ కాళ్లూ స్వాధీనంలో ఉండవు. కొందరికి చూపూ ఉండదు, వినబడదు. వాళ్లకూ చదువు కావాలి.

"నడవలేని పిల్లకు చదువెందుకు?" అంటారు చుట్టుపక్కలవాళ్లు. తల్లి కూలికి పోతూ గొళ్లెం పెట్టి పోతుంది. పిల్ల మంచం మీదే పెరుగుతుంది. ఇది పిల్ల తప్పు కాదు. తల్లి తప్పూ కాదు. ఇంటి దగ్గరే చదువు చెబుతారని చాలామందికి తెలియదు.

చట్టం ఏమంటోంది?

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలి. 2012లో ఈ చట్టాన్ని సవరించారు. తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవచ్చని చేర్చారు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉంటే 18 ఏళ్ల దాకా చదువు ఉచితం.

ఏం నేర్పుతారు?

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడికి రాలేని పిల్లల ఇంటికి టీచరే వస్తారు. మొదటే అక్షరాలు నేర్పరు. అన్నం కలుపుకొని తినడం, బొత్తాం పెట్టుకోవడం, దాహమైతే అడగడం నేర్పుతారు. తర్వాత బొమ్మలు, రంగులు. చింతగింజలతో లెక్కలు. ఆ తర్వాత అక్షరాలు. టీచరు రోజూ రారు. అందుకని టీచరు చేయించింది చూసి, తల్లి రోజూ కాసేపు చేయించాలి.

తల్లి ఏం చేయాలి?

"పాప పేరు బడిలో రాయించారా అమ్మా?"

"బడికే రాలేదు గదా టీచరమ్మా. పేరెందుకు?"

"రాకపోయినా పేరు ఉండాలమ్మా. పేరుంటేనే పుస్తకాలు వస్తాయి."

అందుకే ముందు ఊరి బడిలో పేరు రాయించాలి. వయసు కాగితం లేదని చేర్చుకోకపోవడం కుదరదు. బడిలో పట్టించుకోకపోతే మండల విద్యాధికారికి అర్జీ రాసివ్వాలి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు గదా!

ఒక్క మాట. ఇంటి చదువు కోరుకోవలసింది పిల్లల తరఫువాళ్లు. "ఇంట్లోనే ఉంచుకోండి" అని బడివాళ్లు పంపేయకూడదు. రాగలిగిన పిల్ల బడికే పోవాలి. నలుగురితో కలిసి ఆడుకోవాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ వాడలో బడికి పోలేని పిల్లలు ఉన్నారా? వాళ్ల పేర్లు బడిలో ఉన్నాయా?
2. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడ ఉంది?
3. అందరూ కలిసి మండల విద్యాధికారికి ఒక అర్జీ రాయండి.