వేరే గ్లాసు ఎందుకు?

ప్రశ్న: మాది మొయినాబాద్ దగ్గర పల్లెటూరు. చామంతి తోట ఉంది. పూలు కోయడానికి వచ్చే ఆమెకు మా అత్తమ్మ వేరే గ్లాసులో చాయ్ పోస్తుంది. తాగాక ఆమె కడిగి, బయట గోడ మీద బోర్లించి పోవాలి. మా అత్తమ్మ చెడ్డది కాదు. శనివారాలు చిలుకూరు బాలాజీ గుడికి పోయి ప్రదక్షిణలు చేస్తుంది. ఆ పనామె కూతురి పెళ్లికి బియ్యం బస్తా, చీర పంపింది. తప్పు పట్టలేను, చూస్తూ ఊరుకోలేను. ఏం చేయాలి?
- ఒక కోడలు

జవాబు: బియ్యం బస్తా సంగతి రాశారు చూడండి, అందుకే ఈ ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను. మీ అత్తమ్మగారిది పెట్టే చెయ్యే. మన ఊళ్లలో పెట్టే చేతులకు కరువు లేదు. బియ్యమిస్తాం, చీరలిస్తాం, ఆసుపత్రి ఖర్చులకు డబ్బులిస్తాం. పక్కన కూర్చోబెట్టుకోమంటే మాత్రం జంకుతాం. దేవుడి దయ మన ద్వారా ఇంకొకరికి చేరాలంటే సరుకులు పంపితే సరిపోదు, మనమే ఒక మెట్టు దిగాలి. ఎన్నో ఏళ్లుగా నేను నమ్ముతున్న మాట ఇది.

చిలుకూరు భక్తురాలు కాబట్టి ఆమెకు చిలుకూరు మాటే చెప్పండి. ఆ గుడిలో హుండీ లేదు, ప్రత్యేక దర్శనం టికెట్టు లేదు. కారులో వచ్చినవారైనా బస్సు దిగి వచ్చినవారైనా అవే ప్రదక్షిణలు చేయాలి. ఆ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ 2018 ఏప్రిల్‌లో ఒక దళిత యువకుణ్ణి తన భుజాల మీద ఎక్కించుకుని, మేళతాళాల మధ్య జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి మోసుకువెళ్లారు. దాన్ని మునివాహన సేవ అన్నారు.

దాని వెనుక శ్రీరంగం కథ ఉంది. పాణర్ కులంలో పెరిగిన తిరుప్పాణాళ్వార్‌కు గుడిలోకి ప్రవేశం లేదు. కావేరి ఒడ్డున నిలబడి ఒళ్లు మరిచి పాడుతుంటే, స్వామి అభిషేకానికి నీళ్లు తేవడానికి వచ్చిన లోకసారంగముని తప్పుకోమని అరిచాడు. పాటలో మునిగిన మనిషికి వినపడలేదు. ముని రాయి విసిరాడు, నుదురు చిట్లింది. గుడికి తిరిగొచ్చి చూస్తే రంగనాథుడి నుదుటి మీద నెత్తురు! నా భక్తుణ్ణి నీ భుజాల మీద తీసుకురమ్మని స్వామి ఆజ్ఞ. దండం పెట్టి క్షమాపణ అడిగితే సరిపోతుందని స్వామి అనలేదు, మొయ్యమన్నాడు. ఆ రోజు మునికి దొరికిన దయ కూడా అదే.

ఇంకో సంగతి. రామానుజులు తిరుక్కచ్చినంబిని భోజనానికి పిలిచారు. నంబి బ్రాహ్మణుడు కాడు. ఆయన తిని వెళ్లగానే రామానుజుల ఇల్లాలు ఆ చోటు కడిగి, స్నానం చేసి, మళ్లీ వంట చేసింది. అది తెలిసి రామానుజులు ఎంతో నొచ్చుకున్నారని గురుపరంపర కథలు చెబుతాయి. ఆ రామానుజుల 216 అడుగుల విగ్రహం 2022 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, ముచ్చింతల్‌లో ఆవిష్కరించారు. మొక్కివచ్చినవాళ్లం ఇంట్లో ఏ గ్లాసు వాడుతున్నామో చూసుకోవద్దా?

ఇక మీరు చేయాల్సింది. ముందు ఆ పూలు కోసే ఆమెతో మాట్లాడండి. మీ అత్తాకోడళ్ల మధ్య ఆమె నలిగిపోకూడదు, కూలి పోగొట్టుకోకూడదు. భయపడి వద్దంటే ఆమె భయాన్ని గౌరవించండి, పని పోదని మాటివ్వండి. ఆ తర్వాత ఒక పొద్దున గోడ మీది గ్లాసు లోపలికి తెచ్చి మిగతా గ్లాసుల్లో కలిపేయండి. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు పంపేశాక, అందరికీ అవే గ్లాసుల్లో చాయ్ పోసి, మీరూ ఆమె పక్కనే అరుగు మీద కూర్చుని తాగండి. అత్తమ్మగారు కోప్పడితే ఎదురు తిరగకండి, గ్లాసు మాత్రం తిరిగి గోడ మీదికి పోనివ్వకండి. ఆచారం అంటే, రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని మీ ఆయన చేత చెప్పించండి. ఈ మాట కొడుకు నోటి నుంచి రావాలి. అన్నట్టు, మీ ఉత్తరంలో ఆయన ఊసే లేదేం?

ప్రశ్న: కోరిక తీరింది. కానీ మోకాళ్ల నొప్పులతో చిలుకూరులో 108 ప్రదక్షిణలు పూర్తి చేయలేకపోయాను. బాలాజీకి కోపం వస్తుందా?

జవాబు: రాదు. మందులు వేసుకుని, ఇంట్లో కూర్చుని దండం పెట్టుకోండి.

ప్రశ్న: మాది చేవెళ్ల. బాపు పోయాక అన్నదమ్ములు పిత్రార్జితం భూమిని నా సంతకం లేకుండా వెంచర్‌కు అమ్మారు. అడిగితే మాటలు బంద్ చేశారు. "దేవుడు మనల్ని క్షమించడం లేదా, నువ్వూ క్షమించి వదిలెయ్" అని పెద్దలంటున్నారు.

జవాబు: క్షమించమని చెప్పే పెద్దలు, తిరిగి ఇవ్వమని మీ అన్నదమ్ములకు ఎందుకు చెప్పరు? దేవుడి కరుణ పేరు చెప్పి ఆడబిడ్డ నోరు మూయించడం నాకు బొత్తిగా సహించదు. అన్నదమ్ముల మీద పగ వదిలెయ్యండి, జబ్బు చేస్తే చూడ్డానికి వెళ్లండి, వాళ్ల పిల్లలను దగ్గరకు తియ్యండి. వాటా మాత్రం అడగండి. పిత్రార్జితంలో కూతురికి సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతోనే వచ్చింది. 2005 సవరణ పెళ్లయినవారితో సహా కూతుళ్లందరికీ ఇచ్చింది. తండ్రి ఆ నాటికి బతికి లేకపోయినా హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. చీర పెట్టి తర్వాత సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టకండి. పహాణీ, అమ్మకం దస్తావేజు నకళ్లు తీసుకోండి. ఆలస్యమైతే గడువు దాటిపోయే ప్రమాదముంది. వకీలు ఫీజుకు వెనకాడకండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. జిల్లా కోర్టులో దరఖాస్తు చేసుకోండి.