తుంబలహళ్లి సీమ: మన ఊరి పుస్తకం మనమే వ్రాయవలెను



బడికి వెళ్లే పిల్లవాడు ఢిల్లీ పాదుషాల పేర్లు గడగడ అప్పగిస్తాడు. మన తాతలు ఈ సీమకు ఏ దారిన వచ్చినారని అడిగితే తెల్లమొగం వేస్తాడు. కావున ఈ నెల పాఠానికి మన సీమనే తీసుకొనుచున్నాము.

నేల, నీరు

తుంబలహళ్లి ధర్మపురి జిల్లాలో, కారిమంగళం ప్రాంతంలోని చిన్న గ్రామం. ఈ సీమకు ఒక ప్రక్క మైసూరు పీఠభూమి, మరొక ప్రక్క తూర్పు కనుమల కొండలు. నడుమ సుమారు 1500 అడుగుల ఎత్తున ఎర్రమట్టి మెట్ట నేలలు. రాగి, వేరుసెనగ, మామిడి ఇక్కడి పంటలు. ఏర్లు నిండుగా పారే దినాలు తక్కువ. అందుకే చెరువులు త్రవ్వినారు, ఈ ఊరి పేరనే ఒక జలాశయం కూడా కట్టినారు. వానను పూర్తిగా నమ్మలేని చోట సేద్యానికి తోడు చేతిపని ఉండవలెను. ఇక్కడి ఎండ, పొడిగాలి గంజి పెట్టిన పడుగు ఆరుటకు మంచివి. అదే పొడిగాలి మగ్గం మీద పోగును తెంపుతుంది. గుంట మగ్గం నేల తేమను పట్టి ఆ పోగును కాపాడుతుంది. మగ్గం గుంటలో ఎందుకు దిగినదో దీనినిబట్టి పిల్లలకు చెప్పవచ్చును.

ఈ సీమకు పెద్ద ఏరు దక్షిణ పినాకిని. కర్ణాటకంలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల మీదుగా పారి, కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ కొండల్లోనే పుట్టిన ఉత్తర పినాకిని, అనగా పెన్న, అనంతపురం, కడప, నెల్లూరు సీమలకు పోతుంది. పుట్టుక ఒక్క చోట, పారినది రెండు నాడులకు. మన కుటుంబాల కథ కూడా ఇటువంటిదే.

పేరు, ఏలుబడి

ఊరి పేరు చివరనున్న ‘హళ్లి’ కన్నడ మాట, పల్లె అని అర్థం. చుట్టూ తమిళం, పేరులో కన్నడం, మన ఇళ్లలో తెలుగు. ఇది వింత కాదు, చరిత్ర వదలిపోయిన గుర్తు. ధర్మపురికి పాత పేరు తగడూరు. సంగకాలంలో అదియమాన్ నెడుమాన్ అంజి దానిని ఏలినాడు, కవయిత్రి ఔవైయారును ఆదరించినాడు. 9, 10 శతాబ్దాల్లో నొళంబ రాజులు ఏలినారు. తరువాత విజయనగరం వచ్చినది. ఆ కాలంలోను, నాయకరాజుల కాలంలోను తెలుగు నేతవారు అనేకులు దక్షిణానికి తరలివచ్చినారు.

పిమ్మట హైదరాలీ, టిప్పు సుల్తాను. 1792లో శ్రీరంగపట్టణం సంధితో బారామహల్ అనే ఈ సీమ ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయినది. అలెగ్జాండర్ రీడ్ అనే దొర, ఆయన క్రింద థామస్ మన్రో, ఊరూరా భూములు కొలిపించి, జనులను గూర్చి, పంటలను గూర్చి వ్రాయించినారు. రాయలసీమవారు నేటికీ తలచుకొనే మన్రో ఈయనే. ఆ వ్రాతలను మద్రాసు ప్రభుత్వం తరువాత బారామహల్ రికార్డులుగా అచ్చువేయించినది. అయితే అవి పన్నుకోసం వ్రాయించినవి. మగ్గం ముందు కూర్చున్నవాని మాట వానిలో వెదకవలసినదే.

కొండ దేశపు ఉదాహరణ

ఐరోపాలోని చెక్ దేశపు ఉత్తరాన కర్కొనోషే అనే కొండలున్నవి. అక్కడి పల్లెల్లో నేల పలుచన, చలికాలం దీర్ఘం. అవిసె నార వడికి ఇంటింటా నార బట్ట నేసేవారు. 19వ శతాబ్దంలో యంత్రాలు వచ్చి చేనేతవారి కూలి పడిపోయినది. 1844 జూన్‌లో సరిహద్దుకు ఆవల, సిలీషియాలోని కొండల దిగువ నేతవారు తిరగబడగా, సైనికులు కాల్చి 11 మందిని చంపినారు.

1920లో అప్పటి చెకొస్లొవాకియా ప్రభుత్వం ప్రతి గ్రామం ఒక జ్ఞాపక పుస్తకం ఉంచవలెనని చట్టం చేసినది. ఊరిలో జరిగినది ఏటేటా అందులో వ్రాయుటకు ఒక మనిషిని నియమించినారు. 1945 తరువాత ఆ కొండ పల్లెల్లోని జర్మను భాషవారిని దేశంనుండి వెడలగొట్టినారు. ఇళ్లు నిలిచినవి, కథ చెప్పేవారు పోయినారు. అటువంటి చోట ఆ పుస్తకమే సాక్షి.

మనం చేయవలసినది

మనలను ఎవరూ వెడలగొట్టలేదు. అయినా మగ్గం విడిచి, సేలం, తిరుప్పూరు, బెంగుళూరులకు పనికి పోయే పిల్లలతోపాటు మన మాటలు కూడా పోవుచున్నవి. అచ్చు, పన్నె, కండె, డోనె అనే మాటలు తెలిసిన ముసలివారు ఉన్నప్పుడే వ్రాసుకొనవలెను. ప్రతి కుటుంబం ఒక నోటు పుస్తకంలో ఈ అయిదు సంగతులు వ్రాయవలెనని కోరుచున్నాము.

1. ఇంటిపేరు, గోత్రం, ఏ ఊరి నుండి తరలివచ్చినారు, ఎన్ని తరాలైనది.
2. మొదట ఏ నూలు, ఏ నెంబరు, ఏ బట్ట నేసినారు, ఎక్కడ అమ్మినారు.
3. కరువు, నూలు కొరత వచ్చిన సంవత్సరాల్లో ఎట్లు గడిపినారు.
4. మగ్గంలోని ప్రతి భాగానికి ఇంటిలో వాడే పేరు.
5. ఇంటి ఆడవారు చేసిన పని. వడుకుట, కండెలు చుట్టుట, గంజి కాచుట కూలి లెక్కలోకి రాలేదు, చరిత్రలోకైనా రావలెను.

తెలుగు లిపి రాని పిల్లలు తమిళ లిపిలోనే వ్రాయవచ్చును, మాట మాత్రం తెలుగుగా ఉండనీయండి. వ్రాయుట రానివారు చెప్పిన చాలును, పిల్లల చేత వ్రాయించండి. పుస్తకాలు సంఘానికి తెచ్చిన, ఒక్కొక్క ప్రతి తీయించి, అసలు మీకే తిరిగి ఇవ్వవచ్చును. కథ తెలిసిన పెద్దవారు ఇంటిలో ఉంటే ఆ పని నేటి సాయంత్రమే మొదలుపెట్టండి.

— సంఘ కార్యదర్శి